యూదు, క్రైస్తవ విశ్వాసాలు జరతుష్ట్ర మతం నుంచి వచ్చినవేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ఇది: సాతాను, దేవదూతలు, లోకాంతం, మృతుల పునరుత్థానం, కన్యాగర్భ జననం, చివరికి ఏకేశ్వర విశ్వాసం కూడా యూదులు జరతుష్ట్ర మతం నుంచి, అంటే ప్రాచీన ఇరాన్ ప్రవక్త జరతుష్ట్రుని బోధపై నిలిచిన పార్సీల మతం నుంచి, తెచ్చుకున్నవేననీ, క్రైస్తవులకు అవి వారి ద్వారా అందాయనీ మీరు ఒక వీడియోలో విన్నారు. మీ సంఘ కాపరిగారు అదంతా అబద్ధమని కొట్టిపారేశారు. ఎవరి మాట నమ్మాలని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. యూదులకు పారసీకులతో దీర్ఘకాల సంబంధం ఉందన్నది చరిత్ర. ఆ సంబంధం వల్ల కొన్ని నమ్మకాల రూపురేఖలు మారి ఉండడం చాలావరకు సంభావ్యం. మతమంతా అక్కడి నుంచే ఎత్తుకొచ్చారన్న వాదన మాత్రం నిలవదు. మీ జాబితాలోని అంశాలన్నిటికీ ఒకే జవాబు లేదు. సాతాను, దేవదూతలు, లోకాంతం విషయంలో పారసీక ప్రభావాన్ని నేను అంగీకరిస్తాను. పునరుత్థానం విషయంలో సగం అంగీకరిస్తాను. ఏకేశ్వర విశ్వాసం విషయంలో ఆధారం చాలా బలహీనం. కన్యాగర్భ జననం విషయంలో అసలు అంగీకరించను. నేను కళాశాలలో ప్రాచీన పశ్చిమాసియా చరిత్ర బోధించినవాడిని. ఈ ప్రశ్న తరగతిలో ఏదో ఒక రూపంలో తప్పకుండా వచ్చేది కాబట్టి, అక్కడ చెప్పిన క్రమంలోనే ఇక్కడా చెబుతాను.

క్రీ.పూ. 587-586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును పడగొట్టి, దేవాలయాన్ని తగులబెట్టి, యూదా పెద్దలను చెరపట్టుకుపోయాడు. క్రీ.పూ. 539లో పారసీక రాజు సైరస్, అంటే తెలుగు బైబిల్లోని కోరెషు, ఆ బబులోనునే జయించాడు. చెరలో ఉన్నవారు తిరిగి వెళ్ళి దేవాలయం కట్టుకోవడానికి అతడు సెలవిచ్చాడని ఎజ్రా గ్రంథం చెబుతుంది. దర్యావేషు కాలంలో, సుమారు క్రీ.పూ. 515 నాటికి, ఆ కట్టడం పూర్తయింది. యెషయా గ్రంథం 45వ అధ్యాయం కోరెషును యెహోవా అభిషిక్తుడు అంటుంది. ఇశ్రాయేలు రాజులకూ యాజకులకూ చెందిన ఆ బిరుదును హెబ్రీ బైబిలు మరే పరదేశపు రాజుకూ ఇవ్వలేదు. అప్పటి నుంచి అలెగ్జాండరు వచ్చేదాకా, అంటే దాదాపు రెండు వందల ఏళ్ళు, యూదా దేశం పారసీక సామ్రాజ్యంలో ఒక చిన్న పరగణాగా ఉంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. వీడియోల్లో తరచుగా చూపించే సైరస్ సిలిండర్ అనే మట్టి శాసనం 1879లో హొర్ముజ్ద్ రస్సామ్ తవ్వకాల్లో బబులోనులో దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో సైరస్ స్తుతించేది బబులోను దేవుడైన మర్దూకును. అందులో జరతుష్ట్రీయుల దేవుడైన అహుర మజ్దా పేరూ లేదు, యూదుల ప్రస్తావనా లేదు. (ఇంతకీ ఆ రస్సామ్ మోసూలుకు చెందిన అస్సీరియన్ క్రైస్తవుడు, పేరేమో అహుర మజ్దాది. ఆ ప్రాంతపు క్రైస్తవులు ఆ పేరును శతాబ్దాలుగా పెట్టుకుంటూనే ఉన్నారు.) రెండో జాగ్రత్త మరింత ముఖ్యమైనది. దర్యావేషు మొదలుకొని పారసీక చక్రవర్తులు తమ శాసనాల్లో అహుర మజ్దాను కీర్తించారు గానీ, జరతుష్ట్రుని పేరు ఒక్క శాసనంలోనూ చెప్పలేదు. పెర్సెపొలిస్‌లో దొరికిన మట్టి పలకల లెక్కలను బట్టి, ఎలాము దేవతలకు కూడా ప్రభుత్వ ధాన్యాగారం నుంచే నైవేద్యాలు వెళ్ళేవి. కాబట్టి ఆనాటి యూదులు చూసిన పారసీక మతం, నేటి పార్సీలు ఆచరించే మతం అచ్చంగా ఒకటే అనుకోకూడదు.

సంబంధం ఉన్నంత మాత్రాన నమ్మకాలు మారాలనీ లేదు. దీనికి ఈజిప్టులోని ఎలిఫాంటైన్ ద్వీపం మంచి ఉదాహరణ. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో అక్కడ పారసీక సైన్యంలో పనిచేసిన యూదుల దండు ఒకటి స్థిరపడి ఉండేది. వారి అరమేయిక్ పత్రాలు చాలా దొరికాయి. దర్యావేషు వేయించిన బెహిస్తూన్ శాసనానికి అరమేయిక్ ప్రతి కూడా ఆ పత్రాల మధ్యే దొరికింది. అంటే అహుర మజ్దా కృపతో రాజు శత్రువులను జయించిన కథ వారి చేతికే వచ్చిందన్నమాట. అయినా ఆ పత్రాల నిండా పెళ్ళి ఒప్పందాలు, ఇళ్ళ తగాదాలు, పండుగల నియమాలు, కూల్చేసిన తమ గుడిని మళ్ళీ కట్టుకోనివ్వమంటూ క్రీ.పూ. 407లో యూదా గవర్నరుకు పంపిన విజ్ఞప్తి వంటివే ఉన్నాయి. మంచి చెడుల పోరాటమూ లేదు, పునరుత్థానమూ లేదు. అవి వ్యవహార పత్రాలే గానీ వేదాంత గ్రంథాలు కావు కాబట్టి దీన్ని మరీ సాగదీయను. ఒకే జెండా కింద బతికారు కాబట్టి ఒకే నమ్మకం పంచుకున్నారనే తొందరపాటుకు మాత్రం ఇది అడ్డుకట్ట వేస్తుంది.

అసలు చిక్కు కాలనిర్ణయంలో ఉంది. జరతుష్ట్రీయుల పవిత్ర గ్రంథమైన అవెస్తాలో అతి ప్రాచీన భాగాలు గాథలు, మొత్తం 17 స్తోత్రాలు. వాటి భాష ఋగ్వేద భాషకు ఎంత దగ్గరంటే, సంస్కృతం చదివిన విద్యార్థులకు ఒక పాదం వినిపిస్తే సగం వారే ఊహించేవారు. ఆ దగ్గరితనాన్ని బట్టే చాలామంది భాషాశాస్త్రజ్ఞులు గాథలను క్రీ.పూ. 1000కి అటూ ఇటూ, లేదా ఇంకా ముందు, ఉంచుతారు. అయితే అవెస్తా శతాబ్దాల పాటు నోటి మాటగానే నడిచింది. దానికి ప్రత్యేకమైన లిపి ఏర్పడింది ఇరాన్‌ను ఏలిన ససానీయుల కాలంలో, అంటే క్రీస్తు తరువాత. ఇప్పుడు మనకున్న ప్రధాన రాతప్రతులు 13-14 శతాబ్దాల నుంచి మొదలవుతాయి. లోకాంతం గురించి విపులంగా చెప్పే బుందహిష్న్ వంటి పహ్లవీ (మధ్యకాలపు పారసీక భాష) గ్రంథాలు క్రీ.శ. తొమ్మిదో శతాబ్దంలో, ఇరాన్‌లో ఇస్లాం స్థిరపడిన తరువాత, ఇప్పుడున్న రూపానికి వచ్చాయి. తొమ్మిదో శతాబ్దపు గ్రంథంలోని వాక్యాన్ని తెచ్చి, క్రీస్తు పూర్వపు దానియేలు గ్రంథానికి ఇదే మూలమంటే ఏ చరిత్రకారుడూ ఒప్పుకోడు. అలాగని పహ్లవీ గ్రంథాల్లోని ప్రతి మాటా కొత్తదేననడం కూడా సరికాదు. వాటిలో పాత అవెస్తా భాగాలకు అనువాదాలూ సారాంశాలూ ఉన్నాయి.

ఈ చిక్కును కొంత విడదీసేది ఒక గ్రీకు సాక్ష్యం. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు థియోపాంపస్ మాటలను తరువాతి రచయితలు ఉదహరించారు. మనుషులు మళ్ళీ బ్రతికి, మరణం లేనివారవుతారని మాగీల (పారసీక పురోహితుల) విశ్వాసమని ఆయన రాశాడు. అది బయటివాడి సాక్ష్యం, దానియేలు గ్రంథ రచనకు ముందటిది కూడా. పునరుత్థాన విశ్వాసం ఇరాన్‌లో పాతదేననడానికి నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే.

ఇక సాతాను. తరగతిలో నేను విద్యార్థుల చేత తెలుగు బైబిల్లోనే రెండు చోట్లు తెరిపించి పక్కపక్కన పెట్టి చదివించేవాడిని. రెండింటా దావీదు జనసంఖ్య తీయించిన సంఘటనే. 2 సమూయేలు 24వ అధ్యాయంలో ఇశ్రాయేలు మీద కోపించి దావీదును ఆ పనికి పురికొల్పినది యెహోవా. అదే కథను తిరిగి చెప్పే 1 దినవృత్తాంతములు 21వ అధ్యాయంలో పురికొల్పినది సాతాను. దినవృత్తాంతముల గ్రంథాన్ని చాలామంది పండితులు పారసీక పాలన చివరి దశకు చెందినదిగా భావిస్తారు. పాత కథలో దేవునికి అంటగట్టిన పని తరువాతి రచయితకు ఇబ్బందిగా తోచి, దాన్ని వేరొకరి మీదికి మళ్ళించాడు. చెడు దేవుని నుంచి రాదు, దానికి వేరే మూలం ఉంది అన్నది గాథల్లోని మూల ప్రతిపాదన. ఆ మళ్ళింపు యూదు గ్రంథాల్లో పారసీకుల కాలంలోనే కనిపించడం కేవలం యాదృచ్ఛికమని నేను అనుకోను.

అయితే ఆ సాతాను, జరతుష్ట్ర మతంలోని దుష్టశక్తి అయిన అహ్రిమన్ కాడు. యోబు గ్రంథంలోనూ, జెకర్యా మూడో అధ్యాయంలోనూ అతడు దేవుని సభలో నిలబడి నేరం మోపే అధికారి వంటివాడు, దేవుని సెలవు లేకుండా ఏమీ చేయలేడు. అహ్రిమన్, అంటే గాథల తరువాతి సంప్రదాయంలో అంగ్ర మైన్యు, ఎవరి సెలవూ కోరడు. అతనికి దేవుని సభలో చోటే లేదు. యెషయా 45వ అధ్యాయంలోనే, కోరెషును పొగిడిన కొద్ది వచనాలకే, వెలుగునూ చీకటినీ, సమాధానాన్నీ కీడునూ కలిగించేది తానేనని యెహోవా ప్రకటిస్తాడు. దీన్ని పారసీక ద్వైతానికి, అంటే మంచికీ చెడుకీ వేర్వేరు మూలాలున్నాయన్న నమ్మకానికి, ఇచ్చిన జవాబుగా కొందరు చదువుతారు. అక్కడ పారసీకుల పేరు లేదు కాబట్టి ఆ పఠనం రుజువు కాదు గానీ, అసంభవమూ కాదు.

దయ్యాల విషయంలో ఒక ఆధారం మాత్రం దాదాపు తిరుగులేనిది. కథోలికుల బైబిల్లో ఉన్న తోబితు గ్రంథం చూడండి, ప్రొటెస్టెంట్ల ప్రతిలో అది ఉండదు. అందులో సారా అనే యువతిని పెండ్లాడిన ఏడుగురు భర్తలను ఒకరి తరువాత ఒకరిగా చంపిన దయ్యం పేరు అస్మోదెయుస్. ఆ పేరు అవెస్తాలో క్రోధానికి అధిపతి అయిన ఏష్మ దైవ నుంచి వచ్చిందని ఎక్కువ మంది పండితులు అంగీకరిస్తారు. కథ జరిగేది కూడా మాదీయుల దేశంలోని ఎక్బటానాలో, అంటే నేటి ఇరాన్‌లోని హమదాన్‌లో. యూదు రచయిత ఆ దయ్యాన్ని ఊరూ పేరూ సహా తెచ్చుకున్నాడు.

నా దృష్టిలో అన్నిటికంటే దగ్గరి పోలిక బైబిల్లో లేదు, మృత సముద్రపు చుట్టల్లో ఉంది. 1947లో కుమ్రాన్ గుహల్లో బయటపడిన తొలి చుట్టల్లో ఒక సమాజపు నియమావళి ఉంది. దాని ప్రతి సుమారు క్రీ.పూ. 100 నాటిది. అందులో ఒక భాగం ప్రకారం, దేవుడు మనిషికి రెండు ఆత్మలను నియమించాడు, ఒకటి సత్యానిది, మరొకటి కపటానిది. నీతిమంతులు వెలుగుల అధిపతి ఏలుబడిలోనూ, కపటులు చీకటి దూత ఏలుబడిలోనూ నడుస్తారు. దేవుడు నిర్ణయించిన గడువు వరకు రెండింటి మధ్య వైరం సాగి, చివరికి కపటం శాశ్వతంగా నశిస్తుంది. ఇక గాథల్లో యస్న 30వ అధ్యాయం తెరవండి. ఆదిలో రెండు ఆత్మలు కవలల్లా ఉన్నాయి. ఆలోచనలో, మాటలో, చేతలో ఒకటి మేలు, మరొకటి కీడు. వివేకులు సరిగా ఎంచుకున్నారు, అవివేకులు ఎంచుకోలేదు. ఈ రెండు భాగాలను వరుసగా చదివిన ఎవరికైనా పోలిక తట్టకుండా ఉండదు.

కానీ తేడా కూడా అక్కడే ఉంది. గాథల్లో నడిపించేది ఎంపిక. ఆత్మలే తమ దారి ఎంచుకుంటాయి, మనిషీ ఎంచుకోవాలి. కుమ్రాన్ నియమావళిలో అంతా దేవుని ముందస్తు నిర్ణయమే, రెండు ఆత్మలూ ఆయన నియమించినవే. ద్వైతపు చట్రం తీసుకున్నా, దాన్ని ఏకదేవుని చేతి కిందికి తెచ్చి బిగించారు. కొత్త నిబంధనలో, ముఖ్యంగా యోహాను రచనల్లో, వెలుగు చీకట్ల పరిభాష తరచుగా వినిపించడానికి ఈ యూదు నేపథ్యమే దగ్గరి కారణం. అది నేరుగా ఇరాన్ నుంచి రానక్కరలేదు. క్రైస్తవ విశ్వాసాలపై పారసీక ప్రభావం అని మనం అనుకునేదానిలో ఎక్కువ భాగం ఇలా యూదు సమాజం గుండా, అక్కడ రూపం మారి, వచ్చినదే.

పునరుత్థానం దగ్గర నేను సగమే ఎందుకు అంగీకరిస్తానో చెబుతాను. యెహెజ్కేలు 37వ అధ్యాయంలో ఎండిన ఎముకలు లేచి నిలబడే దర్శనం బబులోను చెర నాటిది, కోరెషు రాకకు ముందటిది. అక్కడ అర్థం జాతి మళ్ళీ బ్రతకడం గురించే. ఒక్కొక్క మనిషీ లేచి, కొందరు నిత్యజీవానికీ కొందరు నిత్యనిందకూ పోతారని స్పష్టంగా చెప్పేది దానియేలు 12వ అధ్యాయం. ఆ గ్రంథపు ఈ భాగం అంతియొకస్ అనే గ్రీకు రాజు యూదులను హింసించిన కాలంలో, సుమారు క్రీ.పూ. 165 ప్రాంతంలో, రాసినదని చరిత్రకారుల అభిప్రాయం. మీ సంఘ కాపరిగారు బహుశా ఆరో శతాబ్దమనే చెబుతారు, అది విశ్వాసుల సంప్రదాయం. ధర్మం కోసం ప్రాణమిచ్చిన యువకులకు దేవుడు న్యాయం ఎప్పుడు చేస్తాడన్న ప్రశ్న ఆనాడు యూదులకు చాలా తీవ్రమైనది, పూర్తిగా వారి సొంతమైనది. పాలు వారివే, తోడు మాత్రం పక్కింటి నుంచి వచ్చి ఉండవచ్చు. యేసు కాలంలో కూడా యూదులందరూ దీన్ని ఒప్పుకోలేదు. సద్దూకయ్యులు పునరుత్థానాన్నీ దేవదూతలనూ నిరాకరించారని, పరిసయ్యులు అంగీకరించారని అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం చెబుతుంది. కొత్తగా వచ్చిన సిద్ధాంతం మీద ఉండే తగాదా స్వభావం అందులో కనిపిస్తుంది.

నరకం విషయంలో మాత్రం దారులు బాగా వేరు. బుందహిష్న్ వర్ణన ప్రకారం, చివరి రోజున కొండల్లోని లోహం కరిగి నదిలా పారుతుంది, అందరూ అందులోంచి నడవాలి. నీతిమంతులకు అది గోరువెచ్చని పాలలా ఉంటుంది, దుష్టులకు కరిగిన లోహంలాగే ఉంటుంది. అయితే ఆ బాధతో దుష్టులు కూడా శుద్ధులై, చివరికి అందరూ అహుర మజ్దా సన్నిధికి చేరతారు, నరకం ఖాళీ అవుతుంది. ప్రధాన క్రైస్తవ సంప్రదాయం చెప్పే నిత్యనరకం దీనికి పూర్తిగా భిన్నం. కాపీ కొట్టారనేవారు ఈ తేడాను ఎప్పుడూ చెప్పరు.

కన్యాగర్భ జననం గురించి ఎక్కువ మాట్లాడవలసింది లేదు. జరతుష్ట్రుడు కన్యకు పుట్టాడని ఏ ప్రాచీన గ్రంథమూ చెప్పదు. తండ్రి పౌరుషాస్ప, తల్లి దుఘ్‌దోవా అని సంప్రదాయం స్పష్టంగా చెబుతుంది. రాబోయే రక్షకుడైన సవోష్యంత్‌ను, సరస్సులో భద్రంగా ఉన్న జరతుష్ట్రుని బీజం వల్ల ఒక కన్య కంటుందన్న కథ ఉంది. అక్కడ మానవ తండ్రి ఉన్నాడు, వంశం నిలబడడమే ఆ కథకు ముఖ్యం. లూకా, మత్తయి చెప్పేది వేరే సంగతి. డిసెంబరు 25, మిథ్రా పన్నెండుమంది శిష్యులు వంటివి రోమన్ దేవుడు మిథ్రాస్ ఆరాధనను ఇరానీ దేవుడు మిథ్రతో కలిపేసి, ఆపై ఆధారం లేకుండా అల్లినవి. ఇక మత్తయి రెండో అధ్యాయంలోని తూర్పు దేశపు జ్ఞానులు నిజంగానే గ్రీకు మూలంలో మాగీలు. వారు ముగ్గురని గానీ, రాజులని గానీ సువార్తలో లేదు. పారసీక పురోహితులు కూడా వచ్చి మొక్కారని చెప్పడం ఆ రచయిత ఉద్దేశం. సిద్ధాంతం అరువు తెచ్చుకున్నారనడానికి అది ఆధారం కాదు.

ఈ చర్చ అంతా క్రీస్తు పూర్వం దగ్గరే ఆగిపోవడం నాకు ఎప్పుడూ లోటుగానే తోచేది. ఈ మూడు మతాలు అసలు ముఖాముఖి బతికినది ససానీయుల కాలంలో, క్రీ.శ. 224 నుంచి 651 వరకు. మూడో శతాబ్దపు ప్రధాన పురోహితుడు కార్తీర్, నఖ్ష్-ఎ-రుస్తమ్ దగ్గరి శాసనంలో, యూదులను, బౌద్ధులను, బ్రాహ్మణులను, క్రైస్తవులను తాను అణచివేశానని గర్వంగా చెక్కించుకున్నాడు. కాన్‌స్టంటైన్ తరువాత రోమ్ క్రైస్తవ రాజ్యమయ్యేసరికి ఇరాన్‌లోని క్రైస్తవులు శత్రుపక్షం వారన్న అనుమానానికి గురై, రెండో షాపూర్ కాలంలో ఘోరమైన హింస అనుభవించారు. 410లో మొదటి యజ్దెగర్ద్ అనుమతితోనే వారి మహాసభ రాజధానిలో జరిగింది. యూదుల ధర్మశాస్త్ర చర్చల సంకలనమైన బబులోను తాల్ముదు కూడా ఈ రాజ్యంలోనే రూపొందింది. అందులో సన్హెద్రీన్ భాగంలో ఒక సంభాషణ ఉంది. నీ నడుము పైభాగం హొర్మజ్దుది (అహుర మజ్దాది), కింది భాగం అహ్రిమన్‌ది అని ఒక మాగీ అంటే, అలాగైతే హొర్మజ్దు తన నీళ్ళను తన పొలిమేర గుండా పోనివ్వడానికి అహ్రిమన్ ఎలా ఒప్పుకుంటున్నాడని అమేమార్ అనే రబ్బీ ఎదురు ప్రశ్న వేస్తాడు. పరిచయం లేనివారి మధ్య ఇలాంటి ఛలోక్తి పుట్టదు.

ఆ సహజీవనపు గుర్తులు దక్షిణ భారతంలోనూ ఉన్నాయి. చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ మీదా, కేరళలోని కొట్టాయంలోనూ ఉన్న పురాతన శిలువలపై చెక్కినది పహ్లవీ లిపి, అంటే ససానీయుల లిపి. క్రీ.శ. 849లో కొల్లంలోని చర్చికి ఇచ్చిన రాగి శాసనంలో సాక్షుల సంతకాలు అరబిక్‌లోనూ, పహ్లవీలోనూ, హెబ్రీ లిపిలో రాసిన పారసీకంలోనూ ఉన్నాయి. ముస్లిములు, క్రైస్తవులు, జరతుష్ట్రీయులు, యూదులు ఒకే పత్రం కింద సాక్షులుగా నిలబడ్డారు.

చివరగా ఏకేశ్వర విశ్వాసం. సికింద్రాబాదులోని నా పార్సీ మిత్రులు తమది ప్రపంచంలో తొలి ఏకేశ్వర మతమని అంటారు. వారి విశ్వాసం పట్ల నాకు గౌరవం ఉంది. చరిత్రకారుడిగా మాత్రం ఒకటి చెప్పాలి. ఈ వాక్యానికి ఇప్పుడున్న రూపం పందొమ్మిదో శతాబ్దపు బొంబాయి ప్రెసిడెన్సీలో వచ్చింది. 1839లో ఇద్దరు పార్సీ యువకులు క్రైస్తవంలో చేరడంతో పెద్ద గొడవ అయి, విషయం కోర్టు దాకా వెళ్ళింది. 1843లో స్కాటిష్ మిషనరీ జాన్ విల్సన్ పార్సీల మతం ఇద్దరు దేవుళ్ళ మతమని విమర్శిస్తూ పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన అవెస్తాలోని వెందిదాద్ వంటి తరువాతి గ్రంథాల నుంచి ఎత్తిచూపిన వాటికి పార్సీ పండితుల దగ్గర అప్పటికి సిద్ధమైన జవాబు లేదు. 1859-66 మధ్య పుణేలో సంస్కృతం బోధించిన జర్మన్ పండితుడు మార్టిన్ హౌగ్ ఆ జవాబు అందించాడు. జరతుష్ట్రుని సొంత మాటలు గాథలు మాత్రమేననీ, వాటిలో ఉన్నది శుద్ధ ఏకేశ్వర వాదమేననీ, రెండు ఆత్మలూ అహుర మజ్దాకు లోబడినవేననీ ఆయన వాదించాడు. సంస్కరణవాద పార్సీలు దాన్ని ఆదరంతో స్వీకరించారు. గాథలు ప్రాచీనమైనవన్న ఆయన పరిశీలన నేటికీ నిలిచింది. శుద్ధ ఏకేశ్వర వాదమన్నది మాత్రం ప్రొటెస్టెంట్ విమర్శకు ఎదురు నిలవడంలో రూపుదిద్దుకున్న వ్యాఖ్యానం. ఇక్కడ ప్రభావం నడిచిన దిశ, మీ వీడియో చెప్పినదానికి తలకిందులు.

యూదుల వైపు చూసినా, యెహోవాను మాత్రమే సేవించాలన్న ఉద్యమం పారసీకుల కంటే పాతది. ఇతర దేవతలను విడిచిపెట్టమని హోషేయ ప్రవక్త క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దంలోనే గద్దించాడు. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు యెరూషలేము దేవాలయం నుంచి అషేరా ప్రతిమను తీయించి కాల్పించాడని రాజుల గ్రంథం చెబుతుంది. అప్పటికి కోరెషు ఇంకా పుట్టలేదు. వేరే దేవుడు అసలు లేడని ఖండితంగా పలికే యెషయా 40-55 అధ్యాయాలు చెర చివరికి, పారసీకుల రాక కాలానికి చెందినవన్నది నిజమే. ఆ మాట అనడానికి కోరెషు విజయాలు ప్రవక్తకు సందర్భం కల్పించి ఉండవచ్చు. కానీ ఆ అధ్యాయాల్లో ప్రవక్త ఎగతాళి చేసేది బబులోను విగ్రహాలను, ఆధారంగా చూపేది అబ్రాహామునూ ఐగుప్తు నుంచి విడుదలనూ. ఇరాన్ నుంచి తెచ్చినదని చూపించదగిన పదం గానీ పద్ధతి గానీ వాటిలో నాకు ఎక్కడా కనిపించలేదు.